నున్నమ్మ మూడు వేళ్లు

ఆ వడ్రంగి కార్ఖానాలో బల్ల పూర్తయిందో లేదో చెప్పేది మేస్త్రి కాదు, మేస్త్రి భార్య. కొలతలు మేస్త్రివి, కోతలు మేస్త్రివి, బేరాలు కూడా మేస్త్రివే. అన్నీ అయ్యాక ఆవిడ వచ్చి కళ్లు మూసుకునేది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు దగ్గరగా చేర్చి చెక్క మీద ఈ కొస నుంచి ఆ కొసకి పోనిచ్చేది. ఆ కాసేపూ రంపాలు ఆగిపోయేవి. తుమ్ము వచ్చినవాడు ముక్కు పట్టుకుని నిలబడేవాడు. ఆవిడ "ఊఁ" అంటే సరుకు గడప దాటుతుంది. ఏమీ అనకుండా చేతులు దులుపుకుని లోపలికి వెళ్లిపోతే, అందరూ నిట్టూర్చి మళ్లీ గరుకు కాగితాలు అందుకోవాలి.

పుట్టినప్పుడు పెట్టిన పేరు ఆవిడకి ఒకటుంది. పెళ్లయిన కొత్తలో మేస్త్రికి అది గుర్తుండేది కూడా. వీధి వీధంతా నున్నమ్మ అని పిలవడం మొదలుపెట్టాక ఆయనా దానికే అలవాటుపడ్డాడు. నున్నమ్మ పాలిష్ పట్టిన బల్ల మీద వాలిన ఈగ జారిపడి కాలు విరగ్గొట్టుకుందని వీధి చివర టీకొట్టులో చెప్పుకునేవారు. ఆవిడ పట్టిన బీరువా తలుపులో తన మొహం చూసుకున్న పిల్లి ఒకటి, అది వేరే పిల్లి అనుకుని దానితో రోజూ పోట్లాటకి వచ్చేదని కూడా చెప్పుకునేవారు. ఈగ సంగతి అబద్ధం. పిల్లి సంగతి మాత్రం చూసినవాళ్లున్నారు.

ఈ పొగడ్తలు నున్నమ్మ వద్దనలేదు. వింటున్నప్పుడు పని ఉన్నట్టు అటు తిరిగేది గానీ, అక్కణ్ణించి కదిలేది కాదు.

ఆవిడకి కార్ఖానాలో ఒకే ఒక్క శత్రువు, మరిది. మేస్త్రి తమ్ముడు. అతనో గాలిగన్ను కొనుక్కొచ్చాడు. దాంట్లో వార్నిష్ పోసి మీట నొక్కితే, నున్నమ్మ లక్కా స్పిరిటూ కలిపి గుడ్డముద్దతో రోజుల తరబడి రుద్దే పని, టీ చల్లారేలోపు అయిపోతుంది.

"వదినా, నీ వేళ్లు అరిగిపోతాయని నాకు బెంగ. మా గన్నుకి వేళ్లు లేవు, బెంగా లేదు" అనేవాడు.

"సిగ్గు కూడా లేదు. కింద ఎంత గరుకున్నా పైన తళతళలాడుతుంది. అచ్చం నీలాగే" అనేది నున్నమ్మ.

ఇలా ఉండగా ఊళ్లో కొత్తగా కడుతున్న లైబ్రరీ వాళ్లు, చదువుకునే గది మధ్యలో వెయ్యడానికి పెద్ద బల్ల ఒకటి చెయ్యమన్నారు. దాంతోపాటు అద్దాల తలుపుల అలమరలు కూడా. లైబ్రరీ పెద్దాయన స్వయంగా వచ్చి, బల్ల మీద గన్ను వాడకూడదు, నున్నమ్మగారి చేతిపాలిషే కావాలి అని షరతు పెట్టాడు. ఆ రోజు నున్నమ్మ మరిదికి రెండుసార్లు టీ పోసింది. పోసిన ప్రతిసారీ "పాపం" అంది.

బల్లకి చెక్కలు అతికి, చిత్రిక పట్టడం అయింది. ఇక నున్నమ్మ మొదలుపెట్టాలి. ఈలోగా అలమరలకి అద్దాలు బిగిస్తుంటే ఒక పలక జారింది. చెక్క జారితే పట్టుకోవాలి, గాజు జారితే వదిలెయ్యాలి. ఆ పనిలో దిగినవాళ్లకి చెప్పే మొదటి మాట అదే. కానీ నున్నమ్మ బతుకంతా చెక్కతోనే గడిచింది. చెయ్యి ఆవిణ్ణి అడక్కుండానే ముందుకెళ్లింది. గాజు అంచు మణికట్టుని అడ్డంగా కోసేసింది.

ఆస్పత్రిలో చేతుల ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ చూసి, నరం తెగిందని చెప్పింది.

"రక్తం ఆగిపోయింది కదమ్మా" అన్నాడు మేస్త్రి.

"రక్తం పారే నరం కాదండీ, కబురు మోసే నరం. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు ఏం తాకినా పైకి చెప్పేది ఇదే. కుట్టాలి."

నున్నమ్మ మొహం అప్పుడు పాలిపోయింది. చిటికెనవేలు పోతుందంటే ఆవిడ అంత బాధపడేది కాదు. దానితో ఆవిడకి ఎప్పుడూ పనిపడలేదు.

భూతద్దాల కింద, వెంట్రుక కంటే సన్నని దారంతో కుట్టారు. మత్తు దిగాక నున్నమ్మ మొదట అడిగిన మాట, "కుట్టు ముడులు పైకి కనిపిస్తాయా, లోపలికి తోశారా?" అని.

"పై పొర మీదే ఉంటాయమ్మా. ఎందుకు?"

"ఊరికే. పనితనం ఎలాంటిదో తెలుసుకుందామని."

డాక్టరమ్మ నవ్వింది. కొన్నాళ్లు కదపకూడదు, ఆ తర్వాత తప్పకుండా రావాలి, కట్టు విప్పి వేళ్లు కదిలించడం, రకరకాల వస్తువులు తాకించడం నేర్పుతాం అని చెప్పింది. మేస్త్రి "కదపకూడదు" అన్నంతవరకే విన్నాడు. మిగతాది ఆయన దృష్టిలో పేరంటం కబుర్లలాంటిది.

ఇక్కడే ఇల్లంతా కలిసి పొరపాటు చేసింది. రెండు చెక్కలకి జిగురు పూసి, క్లాంపులు బిగించాక, ఆ అతుకుని ఎవరూ ముట్టుకోకూడదు. ఆరిందో లేదోనని కదిపి చూసేవాణ్ణి మేస్త్రి కార్ఖానా నుంచి గెంటేసేవాడు. చెప్పిన గడువుకి మరికొంత గడువు కలిపితే అతుక్కి మంచిదే గానీ చెడు లేదని ఆయన నమ్మకం. తెగిన నరాన్ని కుట్టారంటే అదీ ఒక అతుకే కదా. ఆస్పత్రి కట్టు ఆయనకి మెత్తగా, చేతకానిదానిలా కనిపించింది. టేకు చెక్క చీల్చి, మణికట్టు ఒంపుకి సరిగ్గా తొలిచి, లోపల మెత్తటి గుడ్డ అతికించి, పైనా కిందా రెండు పలకలు, పక్కన వేళ్లతో తిప్పే నట్లు పెట్టి ఒక పెట్టె చేశాడు. అంత పొందికైన పని ఆయన జన్మలో చెయ్యలేదు. మరిది దానికి గన్నుతో వార్నిష్ కూడా కొట్టాడు. నున్నమ్మకి చేతి నొప్పి కంటే అదే ఎక్కువ బాధనిపించింది.

"అన్నయ్యా, వదిన చేతిని పెట్టెలో పెట్టావు సరే, తాళం కూడా వేస్తావా?" అన్నాడు మరిది.

డాక్టరమ్మ రమ్మన్న రోజు వచ్చింది, పోయింది. "ఇంకొన్నాళ్లు ఉండనీ" అన్నాడు మేస్త్రి. నున్నమ్మ కాదనలేదు. ఆవిడా ఆ కార్ఖానా మనిషే. ఆరని అతుకుని కదిపితే ఏమవుతుందో ఆవిడకీ తెలుసు.

కానీ చెయ్యి చెక్కలా ఊరుకోలేదు. ఉబ్బింది, ఎర్రబడింది, పొయ్యి మీద నుంచి దించినట్టు వేడెక్కింది. మేస్త్రి నట్లు ఇంకాస్త బిగించాడు. ఆ తర్వాత అసలు కష్టం మొదలైంది. వేళ్ల కొసలు చూస్తే మొద్దు, గుండుసూది గుచ్చినా తెలియదు. అరచెయ్యి మాత్రం ఫ్యాన్ గాలి సోకితే మండిపోయేది. దుప్పటి అంచు తగిలితే నిప్పుకణిక పెట్టినట్టుండేది. చెక్క మీద ఎంత చిన్న గీత ఉన్నా పట్టుకునే చెయ్యి, పాతబడి మెత్తబడిన నూలుగుడ్డని కూడా భరించలేకపోయింది. నున్నమ్మ ఆ చేతిని ఒళ్లో దాచుకుని కూర్చునేది. ఎవరైనా పక్కనుంచి నడిచినా ముడుచుకుపోయేది. నొప్పి అని మాత్రం ఒక్కరితోనూ అనలేదు. మరిది ముందు అసలే అనలేదు.

లైబ్రరీ పెద్దాయన ఒకసారి వచ్చి, వానలు వెళ్లాక లైబ్రరీ తెరుస్తామని, బల్ల సంగతి ఏమిటని నసిగాడు.

"గన్నుతో కొట్టేస్తే ఒక్క పూట పని" అన్నాడు మరిది.

మేస్త్రి నోరు మెదపలేదు. ఆ నోరు మెదపకపోవడం నున్నమ్మకి గాజు కంటే లోతుగా దిగింది.

పెద్దాయన వెళ్లాక ఆవిడ అంది, "దాని మీద గుడ్డ కప్పి ఉంచండి. ఎవరూ ముట్టుకోవద్దు."

"దేన్ని వదినా? బల్లనా, చేతినా?" అన్నాడు మరిది. ఎప్పట్లా ఎగతాళిగానే అన్నాడు గానీ, చివర్లో గొంతు అంత ఎగతాళిగా లేదు.

నున్నమ్మ కాసేపు అతనికేసి చూసింది. ఆ మధ్యాహ్నమే మేస్త్రిని లేవదీసి ఆస్పత్రికి నడిచింది.

టేకు పెట్టెని చూసి డాక్టరమ్మకి కోపం వచ్చింది. నట్లు తిప్పుతూ, "చాలా అందంగా చేశారు. చెయ్యి మాత్రం దీంట్లో పెట్టకుండా ఉండాల్సింది" అంది. మేస్త్రి మొదటి ముక్కకి పొంగి, రెండో ముక్కకి కుంగిపోయాడు.

"లోపల కుట్టు తెగి కుళ్లుతోందా అమ్మా? ఈ వాపేంటి?" అని అడిగింది నున్నమ్మ.

"కుళ్లు కాదమ్మా. మొదట్లో వచ్చే వాపు శత్రువు కూడా కాదు. నరం తెగితే, తెగిన చోటు నుంచి వేళ్ల కొసల దాకా ఉన్న పోగులన్నీ చచ్చిపోతాయి. వాటి మీద కొవ్వు తొడుగులుంటాయి, అవి ముక్కలై పడి ఉంటాయి. ఆ చెత్త దారిలో ఉంటే పైనుంచి పెరిగే కొత్త పోగు ముందుకి రాలేదు. అందుకని నరాన్ని అంటుకుని ఉండే కణాలు కొన్ని రసాయనాలు వదులుతాయి. వాటి పిలుపు విని రక్తంలోంచి ఇంకొన్ని కణాలొచ్చి ఆ చెత్తంతా తినేస్తాయి. అంతమంది రావాలంటే దారులు వెడల్పవ్వాలి, నీరు చేరాలి. చెయ్యి ఉబ్బుతుంది, వేడెక్కుతుంది."

"అంటే ఊడ్చేవాళ్లొచ్చారన్నమాట."

"ఊడ్చేవాళ్లే. వాళ్లు రాకపోతే నా కుట్టు ఎంత బాగున్నా వృథా."

"మరి ఊడ్చేసి వెళ్లిపోవాలి కదండీ" అన్నాడు మేస్త్రి.

"వెళ్లాలి. కొందరిలో తొందరగా వెళ్తారు, కొందరిలో తిష్ట వేస్తారు. ఇంకోటి కూడా ఉంది. నరం చేతిలో తెగినా, దాని మొదలు మెడ దగ్గర, వెన్నులో ఉంది. దెబ్బ తగిలిందన్న కబురు అందగానే వెన్నుపాములో ఉండే కాపలా కణాలు మేలుకుంటాయి. అవీ రసాయనాలు వదులుతాయి. దాంతో పక్కనున్న నరకణాలు ప్రతి చిన్నదానికీ ఉలిక్కిపడతాయి. దుప్పటి తాకిందని చెయ్యి చెప్తే, కాలిందని అవి మెదడుకి చెప్తాయి."

"చెయ్యి తెగితే వెన్నులో వాళ్లకెందుకమ్మా అంత హడావుడి?"

"పక్కింట్లో దొంగలు పడితే మీ వీధిలో ఎవరికైనా నిద్రపడుతుందా?"

"మా మరిదికి పడుతుంది."

డాక్టరమ్మకి కోపం సగం దిగిపోయింది. "మీవాళ్లు మాత్రం దొంగ పోయాక కూడా లాఠీలు పట్టుకుని తిరుగుతున్నారు. చెయ్యి కదలక, ఏదీ తాకక, చెక్కల మధ్య పడి ఉంటే పైకి మంచి కబురు ఒక్కటీ పోదు. అన్నీ బాధ కబుర్లే. దాంతో వాళ్లు ఇంకా బెదురుతారు. ఈ పెట్టె వల్లే నొప్పంతా వచ్చిందని అనను. అన్నీ సరిగ్గా చేసినా కొందరికి వస్తుంది. ఎందుకో మాకూ పూర్తిగా తెలియదు. ఇది దాన్ని పెంచింది, అంతవరకు చెప్పగలను. మందులిస్తాను. వాటితోపాటు చెయ్యి కదలాలి, తాకాలి. మెత్తటి గుడ్డతో మొదలుపెట్టండి. ఓర్చుకోగలిగినంతే, కానీ రోజూ."

"నా వేళ్లు మునుపటిలా అవుతాయా?"

"మునుపటిలా అని మాట ఇవ్వలేను. కొంత వస్తుంది. ఎంత అనేది నరం మీద, మీ మీద ఉంటుంది. కొత్త పోగు రోజుకి సన్నని మేకు మందం పెరిగితే గొప్ప."

దారిలో మేస్త్రి, "అతుకు అనుకున్నానే" అన్నాడు.

"నేను మాత్రం బతికున్న చెట్టనుకున్నానా?" అంది నున్నమ్మ. ఆ విషయం మళ్లీ ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. టేకు పెట్టెని మరిది పెన్సిళ్లు పెట్టుకోవడానికి తీసుకున్నాడు.

మర్నాటి నుంచి నున్నమ్మ దూది పట్టుకుంది. దూదితో అరచెయ్యి రాసుకుంటుంటే కళ్లలోంచి నీళ్లు కారేవి. మొహంలో మాత్రం ఏ మార్పూ ఉండేది కాదు, వేరే ఎవరి కళ్లో కారుతున్నట్టు. దూది అయ్యాక పట్టు, పట్టు అయ్యాక నూలు, నూలు అయ్యాక తువ్వాలు, ఆ తర్వాత గోనెపట్టా. డాక్టరమ్మ చెప్పినవి అక్కడికి అయిపోయాయి. ఇంట్లో గరుకు కాగితాలకి కొదవేముంది? అందులో అన్నిటికంటే సన్నరకం తీసి, మధ్యవేలితో మెల్లిగా తాకి చూసింది. చెక్కకైతే ముతక కాగితంతో మొదలుపెట్టి సన్నదానికి వస్తారు. తన చేతికి సన్నదానితో మొదలుపెట్టి ముతకకి వెళ్లాలి. ఇంతకాలం నేర్చుకున్న పనిని తిరగేసి చెయ్యడం ఆవిడకి తమాషాగా అనిపించింది. నొప్పిలో కూడా కాస్త నవ్వొచ్చింది.

"ఎడమ చేత్తో చూడొచ్చుగా వదినా" అన్నాడు మరిది ఒకరోజు.

"నువ్వు ఎడమ చేత్తో సంతకం పెట్టు, నేనూ చూస్తా."

డాక్టరమ్మ ఆస్పత్రిలో మణికట్టు నుంచి కిందికి వేలితో తట్టుకుంటూ వచ్చేది. ఏ చోట తడితే వేళ్లలోకి జిల్లుమంటుందో, కొత్త పోగులు అక్కడిదాకా వచ్చాయన్నమాట. ఆ చోటు ప్రతిసారీ కాస్త కిందికి జరిగేది. ఇంటికొచ్చాక మరిది అడిగేవాడు, "రైలు ఏ స్టేషన్లో ఉంది వదినా?"

"అరచెయ్యి మధ్యలో ఆగింది. సిగ్నల్ ఇవ్వలేదు."

"డ్రైవరు మా అన్నయ్య కాదు కదా?"

రైలు వేళ్లలోకి వచ్చాక కూడా చిక్కు తీరలేదు. కొత్త పోగులు కొన్ని దారి తప్పాయి. చూపుడువేలిని తాకితే మధ్యవేలు పలికేది. కళ్లు మూసుకుని కూర్చుంటే మరిది చేతిలో ఏదో ఒకటి పెట్టేవాడు. మొదట్లో తాళంచెవిని మేకు అంది, గుండీని నాణెం అంది, మరిది తన బొటనవేలు పెడితే బెండు అంది. అతను పగలబడి నవ్వాడు. మళ్లీ పెట్టాడు. ఆవిడ తప్పు చెప్పినన్నిసార్లూ పెట్టాడు. గన్ను మూలన దుమ్ము పట్టి పడి ఉన్నా చూసుకోలేదు. ఈ సంగతి నున్నమ్మ గమనించింది, గమనించనట్టే ఉండిపోయింది.

వానలు తగ్గుముఖం పట్టేసరికి మంట చాలావరకు దిగింది. ఫ్యాన్ గాలికి చెయ్యి ఒళ్లోకి పారిపోవడం మానేసింది. నున్నమ్మ బల్ల మీది గుడ్డ తీయించింది. గుడ్డముద్ద పట్టుకుంటే జారిపోయేది. జారినప్పుడల్లా వంగి తీసుకునేది, ఎవరైనా తీసిస్తే కోప్పడేది. రుద్దింది, ఆరబెట్టింది, మళ్లీ రుద్దింది. బల్లలో మెల్లగా లోతు తేలింది. కిటికీలోని ఆకాశం వచ్చి అందులో పడుకుంది.

లైబ్రరీ తెరవడానికి వారం ముందు పెద్దాయన బండి తీసుకుని వచ్చాడు. కూలీలు తాళ్లు విప్పుతున్నారు. మేస్త్రి వాళ్లని ఆపి, భార్యకేసి చూశాడు. ఇన్ని నెలల తర్వాత ఆవిడ "ఊఁ" కోసం ఆగడం అదే మొదటిసారి. రంపం ఆగింది.

నున్నమ్మ కళ్లు మూసుకుని మూడు వేళ్లూ బల్ల మీద పెట్టింది. మెల్లగా నడిచింది. ఒక చోట ఆగింది. వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చింది. మళ్లీ అక్కడే ఆగింది.

మేస్త్రి వంగి చూశాడు, చేత్తో రాసి చూశాడు. "ఏమీ లేదే."

మరిది కూడా చూశాడు. అతనికీ ఏమీ దొరకలేదు. ఆవిడ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "వదినా, అది చెక్కలో కాదేమో, నీ వేల్లోనేమో. దారి తప్పిన పోగు ఏదో మెలిక పడుతోందేమో" అన్నాడు.

నున్నమ్మ భయమూ అదే. ఇన్నాళ్లు దుప్పటిని నిప్పంటూ అబద్ధమాడిన చెయ్యి ఇది. దీని మాట ఇప్పుడెలా నమ్మడం? నమ్మకపోతే ఇక ఈ బల్లకే కాదు, ఏ బల్లకీ తను అక్కర్లేదు.

కళ్లు తెరవకుండానే ఆవిడ అంది, "బల్ల తిప్పండి. ఎటు తిప్పారో, ఎంత తిప్పారో నాకు చెప్పొద్దు."

కూలీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మేస్త్రి కళ్లతో సైగ చేశాడు. నలుగురూ ఎత్తి, ఇటు తిప్పి, అటు తిప్పి, ఆఖరికి ఏదో ఒక వైపు దించారు. నున్నమ్మ మళ్లీ మొదలుపెట్టింది. ఇందాక ఆగిన చోట ఆగకుండా దాటేసింది. ఆవిడ ఇంకా వెళ్లింది, దాదాపు ఆ చివరికి. అక్కడ మధ్యవేలు ఆగింది. మేస్త్రి పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టి, చెక్క చారలు పోల్చి చూశాడు. ఇందాకటి చోటే.

టార్చి తెచ్చి, బల్లకి ఆనించి, వెలుగు ఏటవాలుగా పోనిచ్చారు. అప్పుడు కనిపించింది. రెండు చెక్కలు కలిసే చోట, వెంట్రుకలో సగం లేని మెట్టు. సన్నటి నీడ గీత.

"అది నా అతుకే" అన్నాడు మేస్త్రి. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం చూస్తే, పట్టుబడ్డవాడి మొహంలా లేదు. బహుమతి వచ్చినవాడి మొహంలా ఉంది. కూలీల వైపు తిరిగి, "చూశారా? నా అతుకు. ఎవరికీ దొరకదు. ఆవిడకి దొరికింది" అని ఇంకోసారి చెప్పాడు.

మరిది అప్పటికే వెళ్లి చిత్రికా, ముతక కాగితమూ తెచ్చి వదిన పక్కన పెట్టాడు.

నున్నమ్మ కళ్లు తెరిచింది. చూపుడువేలు కొస ఇంకా సగం మొద్దే. చలి పెడితే అరచేతిలో ఇప్పటికీ చురుక్కుమంటుంది. కానీ మధ్యవేలు నిజం చెప్పింది, ఇంటిల్లిపాదీ లేదన్నా వెనక్కి తగ్గలేదు. ఆ చేతిని ఆవిడ ఒళ్లో దాచుకోలేదు. బల్ల మీద, అందరి ముందూ, చాచి పెట్టుకుంది.

"ఇవాళ కుదరదండీ. మూడు రోజులాగి రండి" అంది పెద్దాయనతో.

"చదువుకునేవాళ్లకి ఇది తెలుస్తుందా అమ్మా?"

"వాళ్లకి తెలియదు. నాకు తెలుస్తుంది."

పెద్దాయన పోయేముందు ఆ పెన్సిల్ గుర్తు దగ్గర తన వేలు పెట్టి, ముందుకీ వెనక్కీ రాసి చూశాడు. ఆయనకి ఏమీ తెలియలేదు. తెలిసినట్టు తలాడించి, ఖాళీ బండి వెనకే నడిచి వెళ్లిపోయాడు.